దీనికి అలుగు ఎటు దిక్కు? అమ్మతో విశాఖలో నాలుగు రోజులు

నల్లగొండకు తిరిగి వచ్చి మూడు రోజులైంది. చెప్పులు దులిపితే ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. అది పూర్తిగా రాలిపోకముందే ఇదంతా రాసి పెట్టుకోవాలనిపించింది.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మునుగోడు వైపు పల్లె మాది. ముప్పై ఏళ్లకు పైగా బోరు నీళ్లే తాగింది. తాగే నీళ్లలో ఎముకలను, కీళ్లను బిగించేసే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఈరోజు బడి పిల్లలకు కూడా తెలుసు. అప్పట్లో తెలిసినా తాగడానికి వేరే నీళ్లు లేవు. ఇప్పుడు అమ్మ మోకాళ్లు సగమే ముడుచుకుంటాయి, నడుము వంగదు, నేల మీద కూర్చుంటే ఇద్దరం పట్టి లేపాలి.

మా నాయన లారీ డ్రైవర్. విశాఖ హార్బర్‌కు లోడ్ వేసుకుని పోయి వచ్చినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు: "కొండల సందుల నుంచి ఓడ లోపలికి పోతుంటే, పొద్దుగూకినంక బర్రె దొడ్లకు పోయినట్టే ఉంటది." నాయన పోయి అయిదేళ్లు. ఈ సంక్రాంతికి సకినాలు చుట్టుకుంటూ అమ్మ ఉన్నట్టుండి అడిగింది: "ఆ ఓడ లోపలికి పోయే జాగ చూపిస్తవా బిడ్డా?" తను జీవితంలో ఏదన్నా చూపించమని అడగడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదటిసారి. వారం తిరగకముందే బయలుదేరాం. నేను, అమ్మ, ఎనిమిదో తరగతి చదివే మా పాప.

జనవరి 22, గురువారం: ఆర్కే బీచ్

జగదాంబ సెంటర్ దగ్గర లాడ్జిలో గది రోజుకు 1,500. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో చెప్పారు, ఉంది కూడా, కానీ తిరగడం లేదు. కింది అంతస్తులో గది అడిగి మార్పించుకున్నాం. కిటికీ తీస్తే రోడ్డే. మూడు రాత్రులు హారన్ల మధ్యే నిద్ర. అయినా అమ్మకు మెట్లు తప్పాయి, అది చాలు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు లిఫ్ట్ ఉందా అని కాదు, ఈ వారం నడుస్తోందా అని అడగండి.

సాయంత్రం నాలుగున్నరకు ఆటోలో బీచ్‌కు వెళ్లాం. అమ్మకు సముద్రం కంటే ముందు దాని చప్పుడు వినిపించింది. "ఏడనో మిల్లు ఆడుతున్నట్టున్నది" అంది. ఆటో దిగి నాలుగడుగులు వేశాక రోడ్డు పక్క గోడ పట్టుకుని ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాప ఫోన్ తీసి వీడియో తియ్యబోతే వద్దని సైగ చేశాను.

అమ్మ మొదటి మాట: "దీనికి కట్ట ఏది?"

కట్ట లేదమ్మా అన్నాను.

"మరి అలుగు ఎటు దిక్కు?"

మా దగ్గర చెరువు నిండితే మిగులు నీళ్లు దూకే చోటును అలుగు అంటాం. చెరువు అలుగు పోసిందంటే ఆ ఏడు రెండు పంటలు. ఊరంతా వెళ్లి పసుపు కుంకుమలు వేసి వస్తారు. అమ్మకు తెలిసిన పెద్ద నీళ్లంటే చెరువు, దాని కంటే పెద్దదంటే నాగార్జునసాగర్. రెండింటికీ కట్ట ఉంది, నిండితే నీళ్లు పోయే దారి ఉంది. ఈ నీళ్లకు రెండూ లేకపోవడం ఆమెకు కలవరంగా ఉంది. మన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని, ఆ కృష్ణ హంసలదీవి దగ్గర ఈ సముద్రంలోనే కలుస్తుందని చెప్పాను.

"అంటే అందరి అలుగులు దీంట్లకే. మరి దీనిది?"

"ఆవిరై మబ్బవుతుంది అమ్మమ్మా. మళ్లీ మన మీదే వానై పడుతుంది" అంది పాప.

అమ్మ కాసేపు ఆలోచించి, "మన మీద సరిగ్గ పడుతలేదు" అంది.

ఇసుకలో దిగడం కష్టమైంది. గట్టి నేల మీద నడిచే కాళ్లు మెత్తటి ఇసుకలో పక్కకు ఒరుగుతాయి, మోకాలు తిరగదు. ముందుకు పోలేక, వెనక్కు రాలేక మధ్యలో ఆగిపోయాం. పల్లీలు అమ్ముకునే ఒకావిడ మమ్మల్ని చూసి తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేసింది. "కూకో మామ్మా, నాను నిలబడే అమ్ముకుంటాను" అంది. వద్దంటే వినలేదు. రెండు గంటలు అలా నిలబడే అమ్ముకుంది. లేచేటప్పుడు డబ్బులు ఇవ్వబోతే కోపం వచ్చింది ఆమెకు. పల్లీలు మూడు పొట్లాలు కొన్నాం, అమ్మ తన సంచిలోంచి నాలుగు సకినాలు తీసి చేతిలో పెట్టింది. అవేంటో ఆవిడకు తెలియదు. తిప్పి తిప్పి చూసి, "జంతికలేటి, ఇలగున్నాయి?" అంది. నువ్వులు, బియ్యప్పిండి, వాము అని అమ్మ చెప్పడం మొదలుపెడితే ఇద్దరూ వంటల్లో పడిపోయారు.

ఆవిడే చెప్పింది, ఇక్కడ ఇసుక ఏటేటా తగ్గిపోతోందని. కారణం హార్బరే. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గోడలు దానికి అడ్డం పడ్డాయి. అక్కడ ఆగిన ఇసుకను తవ్వి తెచ్చి ఈ బీచ్‌లో పోస్తుంటారు. "కట్ట లేదంటివి, ఉన్నది గదా" అంది అమ్మ నాతో.

ఒడ్డు మీదే కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో మన నేవీలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా నిలబడింది. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి వంగి దాటాలి. అమ్మకు కుదరదు. పాప ఒక్కతే వెళ్లి వచ్చి, పడుకునే పలకలు ఎంత ఇరుకో చేతులతో కొలిచి చూపించింది. "మీ తాత లారీ క్యాబిన్‌ల అట్లనే పండుకునేటోడు" అంది అమ్మ.

చీకటి పడ్డాక మూరి మిక్స్చర్ తిన్నాం. మనం మరమరాలంటాం, వీళ్లు మూరీలంటారు. ఉల్లి, టమాటా, నిమ్మరసం, కారం వేసి డబ్బాలో గిలకొట్టి పొట్లం చుట్టి ఇస్తారు. నలభై రూపాయలు. సముద్రం గాలికి క్షణాల్లో మెత్తబడుతుంది, అక్కడే నిలబడి తినేయాలి.

జనవరి 23, శుక్రవారం: తప్పు కొండ, యారాడ

పొద్దున్నే చేసిన మొదటి పని పూర్ణా మార్కెట్‌కు వెళ్లి ఒక ప్లాస్టిక్ స్టూల్ కొనడం. బేరమాడితే 220కి ఇచ్చాడు. ఈ ప్రయాణంలో ఇంతకంటే పనికొచ్చిన ఖర్చు లేదు. తర్వాత మూడు రోజులు పాప దాన్ని చంకలో పెట్టుకుని తిరిగింది. వ్యూపాయింట్ అని పేరున్న ప్రతి చోటా నిలబడి చూసి పోయేవాళ్లకే ఏర్పాట్లుంటాయి, బెంచీలుంటే ఎండలో ఉంటాయి. మనకు కావలసిన చోట, కావలసిన వైపు తిరిగి కూర్చోవడమే వేరు.

నాయన చెప్పిన జాగ ఏదో నాకు తెలియదు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే హార్బర్ నోటికి దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కనబడింది. డాల్ఫిన్ ముక్కులా ఉంటుందని దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు. ఇదే అయి ఉంటుందని ఆటో అతనికి చూపించాను. రానూపోనూ 1,300 అన్నాడు. యాభై దాటిన మనిషి, భీమిలి దగ్గర పల్లె అట. అమ్మను చెయ్యి పట్టి ఎక్కించి, స్టూల్ వెనక కట్టేసి, "బేగి ఎల్దాం, ఎండెక్కిపోతే కొండ మీద మామ్మగారికి కష్టం" అన్నాడు.

సింధియా, మల్కాపురం మీదుగా చుట్టూ తిరిగి పోయే దారి అది. ఒక పక్క నేవీ గోడలు, ఫొటోలు తీయొద్దని బోర్డులు. కొండ ఎక్కాక ఒక మలుపులో అతనే ఆటో ఆపాడు. ఒక్కసారిగా కింద యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, మధ్యలో కొబ్బరి తోటలు, కొడవలి వంపులా ఇసుక. నేను చూసిన బీచ్‌లలో ఇంత అందమైనది లేదు. దిగి చూడటం కంటే ఈ మలుపులోంచి చూడటమే గొప్పగా ఉంది. పావుగంట ఆగాం.

కానీ ఓడలు లోపలికి వెళ్లే దారి అక్కడి నుంచి కనబడలేదు. కొండ ముక్కు మీద 1957 నుంచి పని చేస్తున్న లైట్‌హౌస్ ఉంది, చుట్టుపక్కల చాలా భాగం నేవీది. సముద్రం ఎంతైనా కనబడుతుంది, హార్బర్ నోరు మాత్రం కొండ అవతలి పక్క ఉండిపోయింది. ఓడ కోసం వచ్చి ఓడలేని వైపు నిలబడ్డామని అర్థమై నాకు ఏడుపొచ్చినంత పనైంది. అసలు సంగతి అప్పుడు చెప్పాను ఆటో అతనికి.

"అదేటమ్మా, ముందే చెప్పాలి గదా! మీకు కావలసింది రాస్ హిల్. కాలవకి ఇవతలొడ్డు. ఇది అవతలొడ్డు."

అమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. "మంచిగనే ఉన్నది, ఇది చూడకపోదుమా" అంది.

యారాడలో నీళ్లలోకి దిగొద్దు. ఇది మర్యాదకు చెబుతున్న మాట కాదు. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, అల వెనక్కు పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మేమున్నంతసేపూ అక్కడి కుర్రవాళ్లు నీళ్ల వైపు పోయేవాళ్లను ఈలలేసి వెనక్కు పిలుస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం తాటాకు పందిరి కింద భోజనం. ఏ చేప కావాలంటే కోనాం అన్నాం. మన దగ్గర వంజరం అని అమ్మే చేపను ఇక్కడ కోనాం అంటారు. రెండు వేపుడు ముక్కలు, పులుసు, అన్నం కలిపి ముగ్గురికి 720. అమ్మకు చేపంటే కొర్రమట్ట, లేదంటే బొచ్చ. సముద్రపు చేప తినడం ఇదే మొదలు. ముళ్లు వెతుక్కుంటూ తిని, నడిమి ముల్లు తప్ప ఏమీ లేదని తెలిశాక ధైర్యంగా రెండో ముక్క అడిగింది. పులుసు దగ్గరే అభిప్రాయభేదం వచ్చింది. "చేపల పులుసుల బెల్లమేంది?" ఉత్తరాంధ్ర వంటలో కొంచెం తీపి తగులుతుంది, పప్పుచారులోనూ అంతే. వండిన ఆవిడ నవ్వి, వేరే గిన్నెలో గొడ్డుకారం తెచ్చి పెట్టింది. ఆ తర్వాత అమ్మకు ఏ పేచీ లేదు.

జనవరి 24, శనివారం: భీమిలి దారి

అదే ఆటో. దారిలో అన్నీ చూపిస్తూ భీమిలిలో దింపితే 1,600, తిరుగు ప్రయాణం మేం బస్సులో. అతని ఇల్లు అటువైపే కాబట్టి ఇద్దరికీ లాభం.

మొదట కైలాసగిరి. రోప్‌వే ఉంది గానీ, ఆటో పైదాకా పోతుంది. తెల్లటి శివపార్వతుల విగ్రహాల దగ్గర జనం ఎక్కువ. టాయ్ ట్రైన్‌కు లైన్ చాలా పొడుగ్గా ఉంది, వదిలేశాం. తూర్పు వైపు కంచె దగ్గర చెట్టు నీడ చూసి స్టూల్ వేశాం. కుడి చేతి వైపు ఊరి ఒడ్డంతా వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దాకా కనబడుతుంది, ఎడమ వైపు రుషికొండ దిక్కు. దూరంగా నీళ్ల మీద ఓడలు నిలబడి ఉన్నాయి. అమ్మ లెక్కపెట్టింది, ఏడు. అవి ఎందుకు కదలడం లేదని అడిగితే, లోపల చోటు దొరికేదాకా వంతు కోసం ఆగుతాయని ఆటో అతను చెప్పాడు. "మిర్యాలగూడ మిల్లుల కాడ వడ్ల లారీలు నిలబడ్డట్టు" అంది అమ్మ. రెండు రోజులు లైన్లో ఉండి నాయన ఇంటికి రాని రాత్రులు ఆమెకు గుర్తే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తాకిన రోజు ఈ కొండ మీద చెట్లు ఎలా నేలకొరిగాయో అతను చెబుతుంటే విన్నాం. అతని ఆటో టాపు ఎగిరి పక్క వీధిలో దొరికిందట. కొండ దిగాక తెన్నేటి పార్క్ దగ్గర ఒక్క నిమిషం ఆపాడు. విశాఖ ఉక్కు ఉద్యమ నాయకుడు తెన్నేటి విశ్వనాథం పేరు మీద కట్టిన పార్క్ అది. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు తెగి సరిగ్గా ఇక్కడే రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్. శుభ్రంగా ఉంది, కానీ శనివారం జనానికి తగ్గట్టే చప్పుడు. మేం దిగలేదు.

ఈ దారిలో నా మనసు నిలిచిపోయిన చోటు తొట్లకొండ. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున, పైదాకా రోడ్డున్న కొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న విహారం. 1970లలో నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తూ ఈ కట్టడాల ఆనవాళ్లు గుర్తించారు. తర్వాత తవ్వకాల్లో స్తూపం, చైత్యాలు, వరసగా చిన్న చిన్న గదులు, శాతవాహన నాణేలు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఓడల మీద వచ్చే వర్తకులు ఇక్కడ ఆగేవారన్నమాట.

అమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె చూసింది తొట్లను. కొండ మీద నీళ్లుండవు కాబట్టి భిక్షువులు రాతిని తొలిచి పెద్ద తొట్లు చేసి వాన నీళ్లు పట్టుకున్నారు. కొండ పేరే వాటి నుంచి వచ్చింది. అమ్మ ఒక తొట్టి అంచున స్టూల్ వేయించుకుని లోపలి ఉలి గీతలు చాలాసేపు చూసింది. ఎదురుగా కంటికి ఆననంత సముద్రం, పక్కన తాగే నీళ్ల కోసం కొండను తొలిచిన గుంట. "వాళ్లకూ తెలుసన్నట్టు. కింది నీళ్లు పనికి రావని పై నీళ్లు పట్టుకున్నరు. మనకెవరూ చెప్పకపాయె" అంది. నేనేం చెప్పగలను? మా జిల్లాకు కృష్ణ అవతలి ఒడ్డున ఇంతకంటే పెద్ద బౌద్ధ క్షేత్రం ఉండేది. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ల కింద మునిగింది. కొన్ని కట్టడాలను విప్పి మిగిలిన కొండ శిఖరం మీద మళ్లీ కట్టారు, అదిప్పుడు దీవి. అక్కడ నీళ్ల కోసం ఊరే మునిగింది, ఇక్కడ నీళ్ల కోసం రాయి తొలిచారు. ఈ రెండూ చూసిన మనిషిని నేనే కాదు, మా పాప కూడా.

తొట్లకొండ దిగే దారిలో రోడ్డు పక్క జిల్లేడు చెట్లు కనబడగానే అమ్మ ఆటో ఆపించింది. మర్నాడు రథసప్తమి. మనిషికి ఏడు చొప్పున ఇరవై ఒక్క ఆకులు కోయించి తడి గుడ్డలో చుట్టి పెట్టుకుంది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర లోపలికి ఎక్కువ దూరం పోలేదు. సముద్రం ముందుకు వెనక్కు జరిగిన కాలాల్లో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, వేల ఏళ్లకు ఇనుము తుప్పు రంగు పట్టి ఇలా ఎర్రబారింది. వాన నీళ్లు కోసుకుంటూ పోయి లోతైన సందులు చేశాయి. 2014లో భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబర్‌లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అమ్మ ఇంత మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, "మన ఎర్ర చెల్క లెక్కనే ఉన్నది. సద్దలు మంచిగైతయి" అంది. మాకు ముందు వచ్చిన కుర్రాళ్లు దిబ్బ అంచు మీదికెక్కి కిందికి జారుతున్నారు. వాళ్లు జారిన ప్రతిచోటా పిడికెడు చొప్పున మట్టి కూలుతోంది. ఇన్ని వేల ఏళ్లు నిలిచిన మట్టి మన సరదాకు కూలిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోయింది. దయచేసి కింద నడవండి, పైకి ఎక్కకండి.

భీమిలి చేరేసరికి రెండున్నర. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకు ఆటో అతనే తీసుకెళ్లాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన నది ఇక్కడ ఎంత నెమ్మదిగా సముద్రంలోకి జారుతుందో చూడాలి. అలలు పైకి ఎక్కుతాయి, నది కిందికి దిగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటారు. "ఇదే అలుగు" అని అమ్మ నిర్ణయించింది. "ఇక్కడ లోపలికి పోసుకుంటుంది. అలుగు తిరగబడ్డది."

ఒడ్డున నెత్తళ్లు ఎండబెడుతున్న ఒక ముసలావిడ అమ్మను చూసి మోకాళ్ల నొప్పులా అని అడిగింది. ఆమెవీ అంతే, ముప్పై ఏళ్లు ఉప్పు నీళ్లలో నిలబడి వల లాగిన కాళ్లు. ఇద్దరూ మోకాళ్లు చూపించుకున్నారు. మిగిలిన సకినాలు అక్కడ అయిపోయాయి, బదులుగా వద్దన్నా వినకుండా అరకిలో నెత్తళ్లు కట్టి ఇచ్చింది. నల్లగొండ చేరేదాకా మా సంచులన్నీ అదే వాసన. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, 1861 నాటి మున్సిపాలిటీ అని చదువుకుని వెళ్లాను గానీ, సమాధుల దాకా మాత్రమే వెళ్లగలిగాం. అమ్మ అలసిపోయింది.

తిరిగి వచ్చింది 900K నంబరు సిటీ బస్సులో. అలవాటుగా అమ్మ ఆధార్ కార్డు తీసి చూపించింది. మా దగ్గర 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఇక్కడ 2025 ఆగస్టు 15 నుంచి. కండక్టర్ కార్డు చూసి, "ఇది తెలంగాణ కార్డమ్మా, ఇక్కడ పని చెయ్యదు. టికెట్ తీసుకోవాలి" అన్నాడు నెమ్మదిగా. "మా తాన మీ వాళ్లకూ టికెటే గదా, తప్పేమున్నది" అని అమ్మ డబ్బులిచ్చింది. అతనే ముందు సీటులో కూర్చున్న కాలేజీ అమ్మాయిని లేపబోయాడు. ఆ పిల్ల అప్పటికే లేచి నిలబడింది.

జనవరి 25, ఆదివారం: రథసప్తమి, రాస్ హిల్

తెల్లవారుజామున ఐదున్నరకే బీచ్‌కు వెళ్లాం. మా ఊళ్లో పొద్దు గుట్ట మీద పొడుస్తుంది, ఇక్కడ నీళ్లలోంచి. మాలాగే ఆకులు పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. అల చివర తడి ఇసుక మీద స్టూల్ వేసి అమ్మను కూర్చోబెట్టాం. తల మీద, భుజాల మీద, మోకాళ్ల మీద జిల్లేడు ఆకులు, వాటి మీద రేగుపండ్లు. పాప స్టీలు చెంబుతో అలల్లోంచి నీళ్లు ముంచి తెచ్చి పోసింది. మూడో చెంబు పోసేసరికి పెద్ద అల ఒకటి వచ్చి స్టూల్ కాళ్లదాకా లాగింది. నేను గట్టిగా పట్టుకున్నాను. అమ్మ భయపడుతుందనుకుంటే నవ్వింది, నోట్లో పడ్డ నీళ్లు ఉమ్మేసి, "నిజంగనే ఉప్పు" అంది. నాలుగు రోజుల్లో ఆ సంగతి పరీక్షించి చూడలేదన్నమాట.

ఆరున్నర దాటాక సూర్యుడు వచ్చాడు. ముందు ఎర్రటి గీత, తర్వాత గుడ్డు పచ్చసొనలాంటి ముక్క. అమ్మ రెండు చేతులూ ఎత్తింది. చాలా ఏళ్లుగా భుజాలు అంత పైకి లేవడం నేను చూడలేదు.

లాడ్జికి వెళ్లి స్నానం చేసి, అల్లం చట్నీతో ఇడ్లీలు తిని, పదింటికి రాస్ హిల్ బయలుదేరాం. పాత ఊరిలో హార్బర్ పక్కన మూడు కొండలు ఆనుకుని ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి. ఆటో పోయినంత దూరం పోయి, మిగిలింది మెల్లగా నడిచాం. పది అడుగులకోసారి పాప స్టూల్ వేసేది. ఆ రోజు ఆదివారం, చర్చి లోపల ప్రార్థన జరుగుతోంది. అమ్మ గుడికి వచ్చినట్టే చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గర దండం పెట్టుకుంది. ఒకావిడ బయటకొచ్చి కుర్చీ ఇవ్వబోయింది. మా స్టూల్ చూపిస్తే నవ్వి, "అయితే అటు కూర్చోండి, అటైతే ఓడలు బాగా కనబడతాయి" అని నీడ చూపించింది. ఓడల కోసం వచ్చామని మేం చెప్పనే లేదు.

నాయన చెప్పిన జాగ అదే. కింద సన్నటి కాలువ. అవతల ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ నిటారుగా లేచి ఉంది, మొన్న మేం నిలబడిన కొండ. 1933లో మొదలైన ఈ రేవుకు ఆ కొండే గాలివానల నుంచి అడ్డు. ఉప్పుటేటిని తవ్వి లోతు చేసి ఓడలు లోపలికి వచ్చేలా దారి చేశారు. రోడ్ల మీద లారీలు, క్రేన్లు, బొగ్గు కుప్పలు, తుప్పు రంగు ఖనిజం గుట్టలు. చూడచక్కని దృశ్యం కోసం వచ్చేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. అమ్మ మాత్రం లారీలను కూడా ఒక్కొక్కటీ చూసింది.

గంటన్నర ఏమీ రాలేదు. చిన్న పడవలు, ఒక నేవీ బోటు, అంతే. ప్రార్థన అయిపోయి జనం దిగి వెళ్లిపోయారు. ఆటో అతను పైకి వచ్చి మాతో పాటే కూర్చున్నాడు. వెయిటింగ్‌కు ఎంతివ్వాలంటే, "నాకూ ఆదివారమే" అన్నాడు. చివరికి మొత్తం కలిపి 500 తీసుకున్నాడు.

పన్నెండు దాటాక సముద్రం వైపు నుంచి నల్లటి ముక్కు ఒకటి కొండ మలుపు తిరిగింది. ముందు అది కదులుతున్నట్టే తెలియలేదు. తర్వాత చూస్తే కాలువంతా అదే. ఎర్రటి అడుగు, పైన నల్లటి ఒళ్లు, ఇంజిన్ చప్పుడు కూడా పెద్దగా లేదు. అటూ ఇటూ రెండు చిన్న టగ్గులు ఆనుకుని తోస్తున్నాయి. ఎదురు కొండ దాని వెనక మాయమైంది. డెక్ మీద నారింజ రంగు చొక్కాల్లో మనుషులు అగ్గిపుల్లల్లా కనబడుతున్నారు.

అమ్మ స్టూల్ మీంచి తనంతట తానే లేచింది. మేం పట్టుకోలేదు.

"దొడ్లకు పోయినట్టే పోతుంది" అంది. కాసేపాగి, "ఆ చిన్నయి దూడలు. మీ నాయన దూడల సంగతి చెప్పనేలేదు" అంది.

ఓడ మా ముందు నుంచి పూర్తిగా దాటడానికి చాలాసేపు పట్టింది. వెనక భాగం మీద రాసిన పేరు పాప చదవబోతే దూరం వల్ల కుదరలేదు. నీళ్లు రెండు ఒడ్లకూ తగిలి తిరిగి సర్దుకున్నాయి. మా రైలు సాయంత్రం. అమ్మ మళ్లీ కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఆటో అతని వైపు తిరిగింది.

"కొడుకా, ఇంకోటి ఎప్పుడొస్తదంటవు?"